పాపత్త నిదానం

తిరుమలమ్మాళ్ అని పెట్టిన పేరు ఎవరి నోట్లోనూ నిలవలేదు. అందరికంటే ముందు ఆమె నోట్లోనే నిలవలేదు. ఆ పేరు అనబోతే దవడ బిగుసుకొనేది, మెడ ఒక పక్కకు లాగేది, చేతులు తమంతట తాము గుండెల మీదికి ముడుచుకుపోయేవి. రెండు పెదాలూ కలిపితే చాలు వచ్చే మాట పాప. అది ఆమెకు వచ్చింది. దాంతో ఇంట్లోవాళ్లకు పాప అయింది, తమ్ముడి పిల్లలకు పాపత్త అయింది, తల నెరిసిన తరవాత కూడా ఊరంతటికీ పాపత్తగానే మిగిలింది.

కోయంబత్తూరులో కుంపిణీవారి కలెక్టరు కచేరీ కుదురుకున్న కాలం అది. పోదనూరు పక్కన ఒక చిన్న పాళ్యంలో గోపాలసామి నాయుడికి నల్లరేగడి భూమి, ఎద్దులతో నీళ్లు తోడే ఒక కపిల బావి, రెండు జతల ఎద్దులు ఉండేవి. ఎన్ని తరాల కిందటో ఉత్తరం నుంచి దిగివచ్చిన కుటుంబం. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. ఆయన భార్య కృష్ణమ్మాళ్‌కు మొదటి కాన్పు చాలా కష్టమైంది. బిడ్డ నీలంగా పుట్టింది, ఏడవలేదు. మంత్రసాని కాళ్లు పట్టుకొని తలకిందులుగా వేలాడదీసి, వీపు మీద తట్టి, చన్నీళ్లు చల్లి, ఇక లాభం లేదని గుడ్డలో చుట్టబోతుంటే అప్పుడు పిల్లిపిల్లలాగా మూలిగింది.

బతికింది. అయితే ఏడాది దాటినా మెడ నిలవలేదు. కాళ్లు కత్తెర మాదిరిగా ఒకదాని మీద ఒకటి పడేవి. బయట తలుపు కొట్టుకుంటే ఒళ్లంతా ఉలిక్కిపడి కర్రలా బిగుసుకొనేది. వాయువు అన్నారు ఒకరు, గాలి సోకిందన్నారు ఇంకొకరు. కృష్ణమ్మాళ్ పళనికి మొక్కింది, పేరూరులో పొర్లుదండాలు పెట్టింది, ఎవరో చెప్తే చీలమండ దగ్గర వాత కూడా పెట్టించింది. వాత పెట్టినవాడు మళ్లీ వస్తే మాత్రం అత్తగారు లక్ష్మమ్మాళ్ గడప దాటనివ్వలేదు. ఒకసారి కాలితే చాలునని, కాలు వంగకపోతే కాల్చి వంచుతారా అని అడిగి పంపేసింది. అంత ప్రేమ ఉన్న ఆ అవ్వ కూడా పిల్లకు బుద్ధి అందలేదనే అనుకొనేది. పక్కన కూర్చొని అన్నం పెడుతూనే, ఈ బిడ్డకు ఏమి తెలుస్తుంది పాపం అని వచ్చినవాళ్లతో చెప్పేది. చాప మీద పడుకొని పాప ఆ మాట వింటూనే ఉండేది.

ఆమెకు ఆరో ఏడో ఏళ్లు ఉన్నప్పుడు ఒక పొద్దున ఇంటినిండా ఆడవాళ్లు చేరి దూది ఏకుతున్నారు. లక్ష్మమ్మాళ్ తన పిన్నమ్మ కథ ఎత్తుకుంది. ఆ పిన్నమ్మ అరవం ముక్క రాని ఊరినుంచి వచ్చిందట. కోయంబత్తూరు అంగడి వీధిలో నడుస్తుంటే వెనక నుంచి బండివాడు "తళ్ళిప్పో, తళ్ళిప్పో" అని అరుస్తూ వచ్చాడట.

అవ్వ ఇంకా కథ పూర్తి చెయ్యలేదు. మూలనుంచి ఒక నవ్వు వచ్చింది. గొంతులో గరగరలాడుతూ, ఊపిరి అందక ఎగిరిపడుతూ వచ్చిన నవ్వు. పాప ఒళ్లంతా నవ్వుతోంది.

ఆ నవ్వు ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది. పక్కకు తప్పుకో అని బండివాడు అరవంలో అరిచిన మాట, పిన్నమ్మ తెలుగు చెవికి తల్లీ అని వినిపించింది. అదే కథలోని హాస్యం. ఇంటికి వచ్చి, ఈ ఊరివాళ్లకు ఎంత మర్యాద, బండివాడు వీధి పొడుగునా నన్ను తల్లీ తల్లీ అంటూ సాగనంపినాడు అని ఆవిడ అందట. ఆ మాట అవ్వ ఇంకా చెప్పనే లేదు. రెండు భాషలూ తెలిసినవాళ్లకు తప్ప అక్కడ నవ్వు రాదు.

లక్ష్మమ్మాళ్ దూది కింద పెట్టింది. చాప దగ్గరికి పోయి పిల్ల ముఖం మీదికి వంగింది.

"పాపా, బండోడు ఏమన్నాడని అనుకొనింది మా పిన్నమ్మ?"

పిల్ల మెడ పక్కకు తిరిగింది. నోరు తెరుచుకొని మూసుకుంది. చేతులు ముడుచుకున్నాయి. ఆడవాళ్లలో ఒకామె జాలిపడి వద్దులే అనబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది. చాలాసేపటికి, గొంతు చించుకొని వచ్చినట్టు, "త...ల్లి" అంది పాప.

వంటింట్లో జొన్నపిండి కలుపుతున్న కృష్ణమ్మాళ్‌కు కథ వినపడలేదు, ఆ మాట మాత్రం వినపడింది. పిండి చేతులతోనే పరిగెత్తుకొని వచ్చింది. బిడ్డ తనను పిలిచిందనుకుంది. అది కథకు జవాబని ఎవరూ ఆమెకు చెప్పలేదు. పాప చెప్పాలనుకుంది గాని అమ్మ ముఖం చూసి ఊరుకుంది. ఆ రోజు ఊరుకున్నందుకు తనకు ఎప్పుడూ సంతోషమేనని పెద్దయ్యాక మరదలితో అనేది.

ఆ తరవాత ఇంట్లో పాప ముందర ఏది పడితే అది మాట్లాడటం మానేశారు. అవ్వ అయితే పాత మాటలు గుర్తు తెచ్చుకొని కొన్నాళ్లు సిగ్గుపడింది.

గోపాలసామి నాయుడు మాట తక్కువ మనిషి. బిడ్డకు బుద్ధి ఉందని తెలిసిన వారంలోనే ఆయన పలుగు తీసుకొని బావి పక్కన గుంట తవ్వాడు. పాప నడుము లోతు గుంట. చుట్టూ గడ్డి పరిచి, పాత కోకలు మెత్తగా చుట్టి, పిల్లను చంకల కింద పట్టుకొని అందులోకి దించాడు. ముందు కాళ్లు ముడుచుకున్నాయి. ఆయన తొందరపడలేదు, వదిలిపెట్టలేదు. కాసేపటికి ఒక్కొక్క కాలే కిందికి జారి మట్టిని తాకింది. నేల నాలుగు వైపులా పట్టుకుంటే పాప మొదటిసారి నిలబడింది.

అప్పటిదాకా ఆమె చూసిన లోకమంతా ఇంటికప్పు, మనుషుల గడ్డాలు, ఆవుల పొట్టలు. నిలబడి చూస్తే, పడుకొని నెమరేసే ఎద్దుల కళ్లు తన కళ్ల ఎత్తున ఉన్నాయి. పడమట నీలంగా కొండలు ఉన్నాయి. అవి అక్కడ ఉన్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అందరూ చూసేవే గదా అని.

రోజూ పొద్దున ఆ గుంటలో నిలబడటం అలవాటైంది. కపిల తోలే కాళి, ఎద్దులు వాలులో దిగేటప్పుడు ఒక పాట, తోలుబాన పైకి వచ్చి నీళ్లు కాలవలో పడేటప్పుడు ఒక పాట పాడేవాడు. మాటగా అనలేనిది పాటగా వస్తుందని పాప అక్కడ తెలుసుకుంది. కాళి పంక్తి చివర సాగదీస్తే ఆమె ఆ సాగదీసిన చోట కలిసేది. మొదట్లో ఒక్క అక్షరం. పోనుపోను సగం పంక్తి. ఎద్దుల నడక ఎంత నిదానమో ఆమె ఊపిరి అంత నిదానం. గుంటలోంచి బయటికి తీశాక కూడా ఆ నడకలోనే మాట్లాడటం పట్టుకుంది. ఒక మాట, ఊపిరి, ఇంకొక మాట. వినేవాళ్లు ఆగితే ఆమె అన్నీ చెప్పగలదు. ఆగకపోతే ఏమీ చెప్పలేదు.

ఆమె తరవాత పుట్టిన తమ్ముడు జగన్నాథన్ ఇవన్నీ చూస్తూ పెరిగాడు. అతడికి పెళ్లీడు వచ్చినప్పుడు సాత్తూరు వైపునుంచి వేంకటలక్ష్మి అనే పిల్లను చూశారు. అన్నీ కుదిరాక పెళ్లికూతురి పెద్దలు ఒక మాట పంపించారు, ముహూర్తం వేళ పెద్దపిల్లను లోపల ఉంచితే బాగుంటుందని. కృష్ణమ్మాళ్ ఒప్పుకొనేదే. పాప కూడా లోపలే ఉంటానంది. మేళం మోగితే తన ఒళ్లు తన మాట వినదని ఆమెకు తెలుసు. గోపాలసామి మాత్రం వినలేదు.

"ఇది పాప ఉండే ఇల్లు. అది తెలిసినాక వచ్చే పిల్లే మనకు కోడలు" అన్నాడు. ఆయన అంతకంటే ఏమీ అనలేదు. అవతలివాళ్లు రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

పందిట్లో పాపను గోడకు ఆనించి, అటూ ఇటూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ముందర అక్షింతల పళ్లెం ఉంది. తాళి కట్టే వేళ డోలు, నాదస్వరం ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. పాప ఒళ్లు ఉలిక్కిపడింది. చెయ్యి విసురుగా లేచి పళ్లెం అంచుకు తగిలింది. పళ్లెం ఎగిరి, పసుపు బియ్యమంతా పెళ్లికూతురి తలమీద కుమ్మరించినట్టు పడింది.

మేళం ఆగలేదు గాని మనుషులు ఆగిపోయారు. అపశకునమని ఎవరో గొణిగారు. పాప కళ్లు మూసుకుంది. అంతలో పెళ్లికూతురి అమ్మమ్మ, పళ్లు లేని ముసలావిడ, గట్టిగా అంది: "నేల మీద పడలేదు గదా. పిల్ల నెత్తినే పడినాయి. అందరూ చిటికెడు వేస్తారు, ఆ బిడ్డ పళ్లెమంతా వేసింది."

పాప కళ్లు తెరిచేసరికి పెళ్లికూతురు తల వంచుకొనే ఉంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని భయపడింది. వేంకటలక్ష్మి నవ్వు ఆపుకోలేక అవస్థపడుతోంది.

కొత్తకోడలికి ఈ ఇల్లు తొందరగా అలవాటు కాలేదు. ఆమె బువ్వ అంటే ఇక్కడ కూడు అనేవారు. ఆమె నోట్లో ఉన్న తెలుగు వేరే, వీధిలో వినిపించే కొంగునాటి అరవం మరీ వేరే. పుట్టింటిమీద బెంగ. అందరూ పనుల్లో ఉండే ఇంట్లో కూర్చొని ఉన్న మనిషి పాప ఒక్కతే. అందుకని వచ్చి ఆమె దగ్గర కూర్చొనేది. మొదట్లో పాపకు అన్నం పెట్టడం ఆమెకు చేతకాలేదు. గబగబా పెట్టేసేది. పొలమారి పాప ఎర్రబడి దగ్గితే భయపడి ఏడ్చేది.

ఒకనాడు దగ్గు తగ్గాక పాప ఆమెను కూర్చోమంది. "నా గొంతు సన్నం కాదు లక్ష్మీ. నీ చెయ్యి వేగం" అంది. ఆ రెండు మాటలు అనడానికి పట్టినంతసేపూ వేంకటలక్ష్మి కదలకుండా విన్నది. తరవాత ముద్ద చిన్నది చేసి, వదినను నిటారుగా కూర్చోబెట్టి, మింగేదాకా ఆగి, ఇంకొక ముద్ద పెట్టింది. ఆ రోజునుంచి ఇద్దరి భోజనం ఇంట్లో అందరి భోజనం కంటే రెట్టింపు సేపు సాగేది. ఆ సేపంతా మాటలే. అత్తగారికి తెలియనివి, మొగుడికి చెప్పనివి కూడా అక్కడే చెప్పుకొనేవారు. వాళ్లు తగవులాడుకొనేదీ అక్కడే. ఉప్పు ఎక్కువైందని పాప అంటే, ఎక్కువ కాలేదని వేంకటలక్ష్మి అనేది; చివరికి జగన్నాథన్‌ను పిలిచి రుచి చూడమనేవారు. అతడు ఎవరి పక్షమూ వహించకుండా నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు.

పిల్లలు పుట్టారు. పొలం పని వేళ తల్లి వాళ్లను పాపత్త చాప మీద వదిలి పోయేది. పెద్దపిల్లకు మాటలు వచ్చే వయసులో ఒక వింత జరిగింది. ఆ పిల్ల ప్రతి మాటనూ సాగదీసి, మధ్యలో ఊపిరి తీసుకొని మాట్లాడటం మొదలుపెట్టింది. కృష్ణమ్మాళ్ భయపడిపోయింది, ఈ బిడ్డకు కూడా వచ్చిందేమో అని. పిల్ల మాత్రం చెట్టు ఎక్కుతుంది, దూకుతుంది, మేక వెంట పరిగెత్తుతుంది. నోరు మాత్రం అత్త నోరు. కొన్నాళ్లకు ఆ సాగుడు పోయింది. మిగిలినది తెలుగు. వీధిలో పిల్లలు తెలుగు సగం, అరవం సగం కలిపి మింగేస్తుంటే, ఈ ఇంటి పిల్లలు అక్షరం విడివిడిగా పలికేవారు. పాపత్త ఒక్కొక్క మాటనూ వాళ్ల కళ్లముందు అంత కష్టపడి కట్టేది, ఏ మాటలో ఏముందో వాళ్లు చూసి నేర్చుకున్నారు.

కుంపిణీ పోయి రాణిగారి దొరతనం వచ్చింది. పోదనూరులో రైలుబాటకు మట్టి పోస్తున్నారు. ఆ రోజుల్లోనే బోడినాయకనూరునుంచి ధనమ్మాళ్ అనే ఆమె బండి కట్టించుకొని వచ్చింది. ఆమె భర్త కొండమీదినుంచి యాలకులు ఎద్దుల మీద దించి ఊళ్లకు తెచ్చి అమ్మేవాడు. కోయంబత్తూరు అంగడిలో ఎవరో ఆయనకు పాపత్త సంగతి చెప్పారు. ఇంటికి పోయి భార్యకు చెప్పాడు. వాళ్ల కొడుకు వెంకటపతికి నాలుగేళ్లు దాటాయి. మెడ నిలవదు, కాళ్లు కత్తెర.

ధనమ్మాళ్ వచ్చేసరికి అత్తా పిల్లలూ గోల చేస్తున్నారు. ఎవరో ఆటలో మోసం చేశారు, పాపత్త తీర్పు చెప్తోంది. తీర్పు సగంలో ఉండగానే ఓడిపోయేవాడు లేచి పోబోతే, మాట పూర్తయ్యేదాకా కూర్చోవాలని మిగతావాళ్లు వాడి చొక్కా పట్టుకొని లాగారు. ధనమ్మాళ్ బిడ్డను చంకలో పెట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇలాంటి బిడ్డ పెద్దయితే ఎలా ఉంటుందో చూడాలనే ఆమె అంత దూరం వచ్చింది. చూసింది.

ఆమె కూర్చొని తన బాధంతా చెప్పుకుంది. ఏ జన్మ పాపమో అంది. బిడ్డ కడుపుమీద, నుదుటిమీద వాతల మచ్చలు ఉన్నాయి. పాప తన చీలమండ చూపించింది.

"అక్కా, ఇది తగ్గుతాదా?" అని అడిగింది ధనమ్మాళ్.

"తగ్గదు" అంది పాప. ధనమ్మాళ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప ఊపిరి తీసుకొని మిగతా మాట చెప్పింది. "పెరగదు కూడా. నా ఒళ్లు నా మాట వింటాది ధనం. ఆలస్యంగా వింటాది. లాగితే వినదు. చెయ్యి నువ్వు లాగితే అది తిరగబడి లాగుతాది. పట్టుకొని ఊరికే ఉండు, అదే వస్తాది."

తరవాత బిడ్డను తన పక్కన చాప మీద, ఒక పక్కకు ఒరిగించి పడుకోబెట్టమంది. తాకలేదు. పిలవలేదు. బిడ్డ తనంతట తాను తనవైపు చూసేదాకా ఆగింది. చూశాక అడిగింది:

"వెంకటపతీ, మీ ఊళ్లో కొండ ఉండాదా?"

"పెద్ద కొండే ఉండాది అక్కా" అంది ధనమ్మాళ్.

పాప తల అడ్డంగా ఆడించింది. "నిన్ను అడగలేదు."

మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ధనమ్మాళ్‌కు నోరు ఆగలేదు. వాడికి తెలియదక్కా, వాడికి మాట రాదు అంటుంటే వేంకటలక్ష్మి వచ్చి ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూర్చుంది. ఆటలాడే పిల్లలు కూడా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆ ఇంటి పిల్లలకు ఆగటం వచ్చు.

వెంకటపతి నోరు తెరిచాడు, మూశాడు. కాలు తన్నుకుంది. ఆ తరవాత కనుపాపలు రెండూ పైకి, కప్పువైపు లేచాయి. ఒక్క క్షణం అక్కడ నిలిచి, మళ్లీ పాప ముఖం మీదికి దిగాయి.

"ఉండాదంటాడు" అంది పాప.

మీ ఊళ్లో సముద్రం ఉండాదా అని అడిగింది. వాడు ఆమెనే చూస్తూ ఉన్నాడు. కళ్లు లేవలేదు. మీ అమ్మ కొడతాదా అని అడిగింది. కళ్లు లేవలేదు, పెదాలు వంకరపోయి నవ్వు వచ్చింది. అమ్మ ముద్దు చేస్తాదా అంటే కళ్లు పైకి లేచాయి.

ఆ కళ్లు పైకి పోవడం వాడు పుట్టినప్పటినుంచీ ధనమ్మాళ్ చూస్తున్నదే. అది చూసినప్పుడల్లా మూర్ఛ వస్తోందని భయపడి, ముఖం మీద నీళ్లు కొట్టి, కళ్లు చేత్తో మూసేది. నుదుటిమీద వాత కూడా దానికోసమే పెట్టించారు.

"ఇన్నేళ్లూ వీడు నాకు అవునంటా ఉండాడా?" అంది.

ఆమె చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఏడుపు ఆగాక కొడుకును ఒళ్లోకి తీసుకొని, ఆకలేస్తోందా నాయనా అని అడిగి, నోరు మూసుకొని కూర్చుంది. వాడి కళ్లు లేచేదాకా కూర్చుంది.

ఆమె ఒక నెల అక్కడే ఉంది. గోపాలసామికి వయసు మీరింది గనక జగన్నాథన్ గుంట తవ్వాడు. ముసలాయన పక్కన కూర్చొని గడ్డి ఎంత మందం పరచాలో చెప్పాడు. వేంకటలక్ష్మి ముద్ద కలిపే తీరు చూపించింది. గోరువెచ్చటి నూనెతో ఎలా తొడలు మెత్తబరచాలో, పెద్ద చప్పుడుకు ఒళ్లు ఎగిరితే అది భయం కాదని ఎలా తెలుసుకోవాలో పాప చెప్పింది. బండి ఎక్కేటప్పుడు ధనమ్మాళ్ ఆమె కాళ్లకు మొక్కబోతే పాప కాళ్లు కత్తెర పడ్డాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తరవాత యాలకుల బేరానికి వచ్చినప్పుడల్లా ధనమ్మాళ్ భర్త కబురు తెచ్చేవాడు. పిల్లవాడు గుంటలో నిలబడుతున్నాడని ఒక ఏడు, వడ్రంగి చేత చేతులున్న పీట చేయించామని ఒక ఏడు, రెండు చేతులా కర్రలతో వాకిలిదాకా నడిచాడని ఇంకొక ఏడు, నోటి మాట వస్తోందని మరొక ఏడు. మధ్యలో ధాత సంవత్సరపు పెద్ద కరువు వచ్చింది. ఆ రెండేళ్లు ఎవరి కబురూ ఎవరికీ అందలేదు. పాప తల్లీ తండ్రీ ఆ కాలంలోనే పోయారు. బావి అడుగంటింది, ఎద్దులు పోయాయి, ఇల్లు మాత్రం నిలబడింది. జగన్నాథన్, వేంకటలక్ష్మి తమ గంజిలో ఆమె భాగం ఎప్పుడూ ముందు తీసి పెట్టారు. తరవాత వానలు పడ్డాయి. పత్తి మళ్లీ పూసింది.

కరువు దాటిన కొన్నేళ్లకు ఒక పొద్దున, పోదనూరు స్టేషన్ నుంచి వచ్చిన బండి ఇంటిముందు ఆగింది. దిండిగల్లుదాకా ఎద్దుబండి, అక్కడినుంచి రైళ్లు మారుతూ వచ్చారట. ముందు దిగింది యాలకుల వ్యాపారి. ఆయన చెయ్యి పట్టుకొని, చంకల్లో కర్రలతో, మీసాలు వచ్చిన వెంకటపతి దిగాడు. అరుగు మీద పాపత్త పక్కన కూర్చోవడానికి అతడికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఒకరు ఒక మాట అని ఊపిరి తీసుకొంటే, ఇంకొకరు ఆ ఊపిరి అయ్యేదాకా ఆగి జవాబు మొదలుపెట్టేవారు. కాసేపు కూర్చొని విన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పనులకు పోయారు. యాలకుల వ్యాపారి అరుగు చివర గుర్రుపెట్టి నిద్రపోయాడు. జగన్నాథన్ పొలానికి పోయి, పత్తి చూసుకొని తిరిగి వచ్చాడు. వాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యమధ్య ఇద్దరూ ఒళ్లు ఎగిరేలా నవ్వుతున్నారు. ఎందుకు నవ్వారో అడుగుదామంటే, చెప్పేలోగా ఇంకొక నవ్వు వచ్చేది.

వేంకటలక్ష్మి పొయ్యి మీద ఉలవచారు దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతసేపు ఏమి మాట్లాడుకొన్నారు వదినా అని అడిగింది.

పాపత్త వెంకటపతివైపు చూసింది. అతడి కళ్లు నవ్వుతూ పైకి లేచాయి.

"రైలు ఎక్కేదాకా అయింది" అంది పాపత్త. "దిగేది ఇంకా చెప్పలేదు. మాకు కూడు ఇక్కడికే తీసుకురా."